ముదిమియందు మెదడునకు కావలి



ఒకే యూరిలో ఒకే యీడువారు ఇరువురు వృద్ధులుందురు. ఇరువురికిని ఎనుబదియేండ్లు నిండినవి. వారిలో ఒకరు తమ చిన్ననాడు చూచిన కరవును, ఆనాటి ధాన్యపు ధరను, ఏ చేనికి ఎవరు హద్దుదారులో ఆ వివరమును నేటికిని తడబడక చెప్పగలరు. రెండవవారు ఉదయము భుజించిన సంగతి మధ్యాహ్నమునకు మరతురు. తాము కట్టించిన యింటనే నిలిచి ‘నన్ను మా యింటికి చేర్పుడు’ అని బతిమాలుదురు. కన్నకొడుకును చూచి ‘నీవెవరవు నాయనా?’ అని యడుగుదురు. ఇరువురి వయస్సును ఒక్కటియే; త్రాగిన నీరును, పీల్చిన గాలియును ఒక్కటియే. మరి యీ భేదమునకు కారణమేమి?

‘ముసలితనము రెండవ పసితనము’ అని మనవారు సాధారణముగా సమాధానము చెప్పుకొందురు. కాని ఈ సమాధానము చాలదు. మతి చెడుట ముసలితనమునకు సహజధర్మమే యైనచో, మొదటి వృద్ధునకును మతి చెడవలసినదే కదా! కావున నేటి వైద్యశాస్త్రజ్ఞులు ప్రశ్నను మార్చి వేసికొనిరి. ‘ముసలివారికి మతి ఏల చెడును?’ అని మాత్రమే కాక, ‘చెడనివారికి ఏల చెడలేదు?’ అని గూడ అడిగిరి. ఈ రెండవ ప్రశ్నకు దొరకిన ఒక సమాధానమును గూర్చి నేడు ముచ్చటింతును.

మొదట ఒక భయమును తొలగింపవలయును. వయస్సు మీరినకొలది కొంత మరపు అందరికిని కలుగును. పరిచితుని పేరు నాలుక చివర నిలిచి వెంటనే రాకపోవుట, కండ్లజోడు ఎక్కడ పెట్టితిమో తెలియక వెదకుకొనుట మొదలగునవి వయోధర్మములు. కాని కండ్లజోడు చేత బట్టుకొని అది యెందులకు ఉపయోగించునో తెలియకుండుట, నలువదియేండ్లు నడచిన త్రోవలో దారి తప్పుట, అడిగిన మాటనే గడియకు పదిమారు లడుగుట, లెక్కలలో ఆరితేరినవాడు చిల్లర లెక్కింపలేకుండుట, ఇవి వ్యాధి లక్షణములు. ఇట్టి మతిభ్రంశమునకు వైద్యులు డిమెన్షియా అని పేరిడిరి. అందు నూటికి అరువది మొదలు డెబ్బది పాళ్లు ఆల్జైమర్ వ్యాధివలన కలుగుచున్నవి. మన దేశమున అరువదియేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది మతిభ్రంశముతో బాధపడుచున్నారని 2023వ సంవత్సరమున ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా నూర్గురు వృద్ధులలో ఏడుగురికి పైగా అన్నమాట.

ఈ వ్యాధికి ఆ పేరు వచ్చిన కథ యిది. 1901వ సంవత్సరమున జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరపు వైద్యాలయమునకు ఆగుస్టె డీటర్ అను ఏబదియొక్క యేండ్ల స్త్రీని తీసికొనివచ్చిరి. ఆమె తన వస్తువులను తానే దాచి మరచిపోవుచుండెను. తన పేరు వ్రాయుటకు పూనుకొని నడుమ ఆగిపోవుచుండెను. అలోయిస్ ఆల్జైమర్ అను వైద్యుడు ఆమెను శ్రద్ధతో పరీక్షించి, ఆమె పలికిన ప్రతి మాటను వ్రాసికొనెను. 1906లో ఆమె మరణింపగా ఆయన ఆమె మెదడును సూక్ష్మదర్శని క్రింద నుంచి చూచెను. అది బాగుగా కృశించి యుండెను. కణముల నడుమ గడ్డలవంటి మచ్చలును, కణముల లోపల చిక్కుపడిన నూలువంటి పోగులును కనబడెను. ఆ సంవత్సరము నవంబరులో ఆయన ఈ విషయమును తోడి వైద్యులకు విన్నవించెను. 1910లో క్రేపెలిన్ పండితుడు తన వైద్యగ్రంథమున ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను.

ఆ మచ్చలు దేనితో ఏర్పడినవో తెలియుటకు మరి డెబ్బది యెనిమిదేండ్లు పట్టినది. 1984లో అమెరికాలో గ్లెన్నర్, వాంగ్ అను నిరువురు అందలి పదార్థమును వేరుపరచిరి. అది ఎమిలాయిడ్ బీటా అను ప్రోటీను తునక. తరువాత రెండేండ్లకు చిక్కుపోగులు టౌ అను మరియొక ప్రోటీనుతో అల్లుకొన్నవని తేలినది.

ఇచ్చట ప్రోటీను అను మాటను వివరింపవలసియున్నది. కందిపప్పు, పాలు, గ్రుడ్డు మున్నగువానియందు ప్రోటీను కలదని మీరు వినియే యుందురు. అది భుజించెడి ప్రోటీను. మన మది భుజింపగా శరీరము దానిని అరిగించి చిన్న చిన్న పలుకులుగా జేసి, ఆ పలుకులతో తనకు వలసిన వేలకొలది క్రొత్త ప్రోటీనులను తానే నిర్మించుకొనును. ఇవి కణములలోని పనివాండ్రు. కొన్ని బరువులు మోయును. కొన్ని గోడలు కట్టును. కొన్ని చెత్త నూడ్చును. కొన్ని పెత్తనము చేయును. ఎమిలాయిడును టౌయును ఆరోగ్యవంతుని మెదడునందు గూడ ఉండును. అవి తమ రూపు చెడి ఒకదానికొకటి యంటుకొని పేరుకొన్నప్పుడే చేటు.

మచ్చలే వ్యాధికి మూలమైనచో, మచ్చలున్న ప్రతివారికిని మతి పోవలయును. కాని అట్లు జరుగుట లేదు. కొందరు వృద్ధులు కడపటి దినమువరకు నిర్మలమైన బుద్ధితో జీవించి మరణించిరి. వారి మెదళ్లను పరీక్షింపగా, వ్యాధిగ్రస్తుల మెదళ్లలో ఉన్నంతగా మచ్చలును చిక్కులును అందు గానవచ్చినవి! శత్రువు కోటలో జొచ్చియు కోట కూలలేదు. అట్లయిన ఆ కోటను గాచిన దేది?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ఉపకరించినవారిని ఇచ్చట స్మరింపవలయును. అమెరికాదేశమందలి షికాగో నగరమున 1994లో ఒక దీర్ఘపరిశీలన ఆరంభమైనది. కతోలిక మఠములకు చెందిన సన్న్యాసినులును, గురువులును, సహోదరులును అందు చేరిరి. వారు ఏటేట తమ జ్ఞాపకశక్తిని పరీక్షింపనిచ్చుటయే కాక, మరణానంతరము తమ మెదడును శాస్త్రమునకు దానము చేయుదుమని మాట యిచ్చిరి. బ్రతికియుండగా ఎవరి బుద్ధి ఎట్లున్నదో, పోయిన పిదప వారి మెదడు ఎట్లున్నదో రెండును సరిపోల్చి చూచుటకు వారి దానమువలన వీలు కలిగినది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో బ్రూస్ యాంక్నర్ అను పండితుడును ఆయన సహచరులును ఇట్టి మెదళ్లను పరీక్షించి, 2014వ సంవత్సరమున ఒక సంగతిని ప్రకటించిరి. మెదడును గాచుదానిలో రెస్ట్ అను ప్రోటీనునకు ముఖ్యమైన పాలు కలదని వారి సిద్ధాంతము. పొడవైన ఒక శాస్త్రనామములోని తొలి యక్షరములను గూర్చి యీ పొట్టి పేరు చేసిరి. ఆంగ్లభాషలో ఈ మాటకు ‘విశ్రాంతి’ అని యర్థము. ఈ పేరు దానికి ఎంత చక్కగా కుదిరినదో మున్ముందు తెలియును.

దాని పనిని గ్రహించుటకు కణము లోపలికి పోవలయును. మన మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. చర్మమునందలి కణములు రాలిపోయి క్రొత్తవి వచ్చుచుండును. నాడీకణములకు ఆ భాగ్యము లేదు. వానిలో దాదాపు అన్నియు మనతో పుట్టి మనతోనే గిట్టును. తొంబది యేండ్ల వృద్ధుని మెదడునందలి కణము తొంబది యేండ్లు పనిచేసినదే. ప్రతి కణమునకు నడుమ ఒక కేంద్రము కలదు. దానియందు దాదాపు ఇరువదివేల జన్యువులు కలవు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క ప్రోటీనును ఎట్లు నిర్మింపవలయునో తెలుపు శాసనము. అయితే అన్ని శాసనములును అన్నివేళల అమలులో నుండవు. కొన్ని తెరచియుండును, కొన్ని మూసియుండును.

మన చెరువుల క్రింద వ్యవసాయము చేయువారికి ఈ యేర్పాటు సులభముగా తెలియును. చెరువునకు పలు తూములుండును. ఏ తూమును ఎప్పుడు ఎత్తవలయునో, ఎప్పుడు దించవలయునో చూచుకొనుటకు పూర్వము గ్రామమున ఒక మనుష్యుడుండెడివాడు. కొన్ని సీమలలో నీరటి యనిరి, కొన్నిట నీరుగంటి యనిరి. అతడు కునికినచో మంచి చేను ఎండును, లేదా పండిన చేను మునుగును. రెస్ట్ ప్రోటీను కణకేంద్రమున నుండు నీరటి వంటిది. అయితే దాని ముఖ్యమైన పని తూములు దించుట. కొన్ని జన్యువులను మూసియుంచుటయే దాని యుద్యోగము.

ఈ ప్రోటీను 1995లోనే రెండు పరిశోధకబృందములకు దొరకినది. గర్భమందు శిశువు రూపొందునప్పుడు, కాలేయము మొదలగు ఇతరావయవములలో నాడీజన్యువులు తెరచుకొనకుండ ఇది కాపాడునని అప్పుడు తెలిసినది. మెదడు రూపొందిన పిదప నాడీకణములలో దీనికి పని తీరిపోవునని చాలమంది తలచిరి. యాంక్నర్ బృందము చూచిన వింత యేమనగా, యౌవనమున నాడీకణములయందు స్వల్పముగా నుండు ఈ ప్రోటీను ముదిమియందు మరల పుష్కలముగా పుట్టుచున్నది. వయసు మీరిన కణమునకు ఆపద లెక్కువ. ప్రాణవాయువును వాడుకొనుటలో పుట్టు విషపదార్థములు, రూపు చెడిన ప్రోటీనులు దానిని బాధించుచుండును. కణమును చంపెడి జన్యువులును, ఎమిలాయిడ్ మచ్చలకు దారితీసెడి జన్యువులును తెరచుకొనుటకు సిద్ధముగా నుండును. అట్టి సమయమున రెస్ట్ వచ్చి ఆ తూములను దించుచున్నది. అంతేకాక, విషములకు ఓర్చుకొను శక్తిని కణమునకు సమకూర్చుచున్నది.

మరి ఆల్జైమర్ వ్యాధిగ్రస్తులయందు ఏమి జరుగుచున్నది? వారి మెదళ్లలో జ్ఞాపకమునకు సంబంధించిన భాగములందు ఈ ప్రోటీను కణకేంద్రమున దాదాపు కానరాలేదు. వ్యాధి ముదురకముందే, స్వల్పమైన మతిమరుపు ఆరంభమైన దశలోనే, అది తగ్గనారంభించినది. అది పోయిన చోటు గూడ తెలిసినది. కణములలో చెత్తను సంచులలో కట్టి పారవేయు ఏర్పాటొకటి కలదు. రూపు చెడిన ఎమిలాయిడ్, టౌ మున్నగు ప్రోటీనులతో బాటు రెస్ట్ గూడ ఆ సంచులలో చిక్కుకొనియుండెను. ఇల్లూడ్చువారు చెత్తతోబాటు తాళపుచెవిని గూడ గంపలో నెత్తి పెంటపై పారబోసినట్లున్నది యీ పని!

పైన చెప్పిన చిక్కుప్రశ్నకును ఇచ్చట సమాధానము దొరకినది. మెదడున మచ్చలు నిండియు బుద్ధి చెడక మరణించినవారి కణకేంద్రములలో రెస్ట్ సమృద్ధిగా నుండెను. మచ్చలు నిండి బుద్ధి చెడినవారిలో అది క్షీణించియుండెను. కోటలో శత్రువు జొచ్చినను, కావలివాడు మేలుకొనియున్నచో కోట నిలిచినది.

చచ్చినవారి మెదడులో ఒకటి తక్కువగా నున్నంతమాత్రమున అదియే వ్యాధికి కారణమని చెప్పరాదు. అది వ్యాధి ఫలితమైనను కావచ్చును. అందుచే శాస్త్రజ్ఞులు జంతువులపై పరీక్షలు చేసిరి. మెదడున ఈ ప్రోటీను పుట్టకుండ చేసిన ఎలుకలు చిన్నతనమున బాగుగనే యుండెను. ముదిసినకొలది వాని మెదడునందలి కణములు నశింపసాగెను. ఒక మిల్లిమీటరు పొడవుండు ఒక జాతి పురుగునందును ఇట్టి ప్రోటీనే కలదు. అది లేని పురుగులు విషమునకును ఎమిలాయిడునకును తేలికగా లొంగిపోయినవి. కావున కావలివాడు పోవుట హానికి కారణము కాగలదని తెలిసినది.

2019లో అదే బృందము మరియొక సంగతిని వెల్లడించినది. బహుకాలము జీవించిన మానవుల మెదళ్లను పరిశీలింపగా, నాడీకణములను ఉద్రేకపరచు జన్యువులు వారియందు కొంత అణగియుండెను. ఆ యణకువకు కారకులలో రెస్ట్ ఒకటి. పురుగులలో నాడుల యుద్రేకమును తగ్గింపగా వాని యాయువు పెరిగినది. పేరునకు తగినట్లు ఈ ప్రోటీను అలసిన కణమునకు విశ్రాంతి నొసగుచున్నది. అయితే దీనినిబట్టి ఆలోచన మానవలయునని అర్థము చేసికొనరాదు. ఇచ్చట ఉద్రేకమనగా కణముల నడుమ ప్రసరించు విద్యుత్సంకేతముల తీవ్రతయే కాని, మనము చేయు చింతనము కాదు. చదువు, సంభాషణము, లెక్క, భజన, పురాణపఠనము మొదలగునవి మానుకొనుటవలన లాభము లేదు సరికదా, నష్టమే కలుగును.

ఇన్ని సంగతులు తెలిసినవి కదా, మందేది యని మీరడుగుదురు. రెస్ట్ ప్రోటీనును రోగియందు పెంచి ఆల్జైమర్ వ్యాధిని కుదుర్చు మందు ఇంతవరకు వైద్యుల చేతికి రాలేదు. అది సులభము గూడ కాదు. మెదడునకు రక్తము అందక పోయినప్పుడు ఇదే ప్రోటీను ప్రబలి, ఉపయోగకరములైన జన్యువులను గూడ మూసి, కణములకు కీడు చేయునని ఎలుకలపై జరిగిన పరీక్షలలో తేలినది. నీరటి తూములన్నిటిని దించినచో చేను ఎండకుండునా? పప్పు, గ్రుడ్డు ఎంత తినినను ఈ ప్రోటీను తిన్నగా మెదడున చేరదు. కావున జ్ఞాపకశక్తిని మరల రప్పింతుమని చెప్పి పొడులను, లేహ్యములను అమ్మువారి మాటలు నమ్మి, పొలము తాకట్టు పెట్టి ధనము వెచ్చింపవలదని నా మనవి. ఎమిలాయిడును తొలగించు మందులు రెండు, లెకానెమాబ్ 2023లోను, డొనానెమాబ్ 2024లోను, అమెరికాలో అనుమతి పొందినవి. అవి తొలిదశలోనున్నవారికి వ్యాధివేగమును కొంత తగ్గించును. పోయిన జ్ఞాపకమును తిరిగి తేజాలవు. మెదడున వాపు, రక్తస్రావము కలుగునేమో యని వైద్యులు మాటిమాటికి పరీక్షించుచుండవలయును.

అయినను మనము చేయదగిన పని లేకపోలేదు. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము పదునాలుగు కారణములను పేర్కొని, వానిని సరిచూచుకొన్నచో మతిభ్రంశములలో దాదాపు సగమును తప్పింపనో వాయిదా వేయనో వచ్చునని తెలిపినది. రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, మితిమీరిన మద్యము, శరీరశ్రమ లేకుండుట, తలకు దెబ్బ తగులుట, చిన్ననాడు చదువు లేకపోవుట అందు చేరినవి. చెవుడు, చూపు మందగించుట, ఒంటరితనము గూడ అందున్నవని విని మీరు ఆశ్చర్యపడవచ్చును. మాట వినబడనివాడు నలుగురిలో కూర్చుండుట మానును; నలుగురిలో కూర్చుండనివాని మెదడునకు పని తగ్గును. కావున చెవికి యంత్రము పెట్టించుకొనుట, కంటిలో పొర తీయించుకొనుట సోకు కాదు, మెదడునకు కాపుదల.

మన తెలుగుదేశమునుండియే లోకమునకు తెలిసిన ఒక సంగతి కలదు. హైదరాబాదునందలి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారును వారి సహచరులును 648 మంది మతిభ్రంశరోగుల వృత్తాంతములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. తెలుగు, ఉరుదూ, హిందీ మున్నగు భాషలలో రెండింటినైనను మాటాడువారికి, ఒక్క భాషయే తెలిసినవారికంటె సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వ్యాధి పొడసూపినది. అక్షరజ్ఞానము లేనివారియందు గూడ ఈ లాభము కనబడుట విశేషము. అంగడిలో ఒక భాష, ఇంట ఒక భాష పలుకుచు బ్రతికిన కూలివానికిని ఆ మేలు కలిగినదన్నమాట. రెండు భాషల నడుమ మాటిమాటికి ఏరుకొనుట మెదడునకు సాముగరిడీ వంటిదని పండితులు తలచుచున్నారు.

తుదిగా ఒక్క మాట. మనవి చేయదలచినవానిలో ముఖ్యమైనది యిదియే. ఇంట ఒక పెద్దకు ఈ వ్యాధి సోకినప్పుడు, కొడుకులు కోడండ్రు ‘కావలెనని చేయుచున్నాడు’ అని విసుగుకొందురు. భోజనము పెట్టినను పెట్టలేదని ఇరుగుపొరుగుతో చెప్పి పరువు తీయుచున్నాడని కోపింతురు. కొందరు గాలి సోకినదని భూతవైద్యుని పిలిచి వేపమండలతో కొట్టింతురు. ఆ పెద్ద బొంకుట లేదు. భుజించిన సంగతిని వ్రాసికొనవలసిన కణములు అతని మెదడున నశించినవి. విరిగిన కాలిని చూచి ‘ఏల నడువవు?’ అని గద్దింపము కదా! ఇదియు అట్టిదే, విరుగుట మాత్రము కంటికి కానరాదు. అట్టివారిని ముందుగా వైద్యునికి చూపవలయును. ఏలయన రక్తములో బి12 విటమిను తగ్గుట, థైరాయిడు గ్రంథి మందగించుట, మనోవ్యాకులత మొదలగు చికిత్సకు లొంగు కారణములవలన గూడ మతిమరుపు కలుగవచ్చును. ఆల్జైమర్ వ్యాధియే యని తేలినచో, ఓర్పుతో తిన్నగా మాటాడవలయును. ఇంటిసామానులను మాటిమాటికి చోటు మార్పకుండవలయును. వీధిలోనికి తెలియక పోయినప్పుడు మరల చేర్చుటకు వీలుగా పేరును ఊరును వ్రాసిన చీటిని చొక్కాజేబులో నుంచవలయును. అన్నిటికంటె, అట్టివారి సేవలో అహర్నిశలు అలసిపోవు ఇంటి ఆడువారికి అప్పుడప్పుడు తక్కినవారు చేయూత నీయవలయును.

మెదడునందలి కావలివానిని నిలుపు ఉపాయము శాస్త్రజ్ఞులు ఏనాటికైన కనుగొందురు గాక. అందాక, మతి తప్పిన పెద్దకు ఇంటిలోని వారే కావలివాండ్రు. అతడు మనలను మరచినను, అతడెవరో మనము మరువరాదు.